దూడ గుండెలో రంధ్రం ఉందంటే: మూడో కోర్సు సూదులకు ముందు కుడి పక్క కూడా వినాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుత్తి దగ్గర పల్లె, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ పెయ్యదూడ, వయసు 45 రోజులు. పుట్టిన రోజు బాగానే లేచి తాగింది. మూడో వారం నుంచి నాలుగు గుక్కలు తాగడం, ఆగి రొప్పడం. న్యుమోనియా అని రెండు కోర్సులు సూదులు వేశారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికి వచ్చింది. మూడోసారి వచ్చిన డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టి, గుండెలో శబ్దం ఉంది, రంధ్రం కావచ్చు అన్నారు. ఇది మందుతో మానుతుందా, ఆపరేషన్ ఉందా, తల్లి ఆవును ఉంచుకోవాలా, చూడితో ఉండగా గ్రహణం పట్టినందుకే ఇలా అయిందా అని అడిగారు.

నేను ముప్పై ఏళ్లు అనంతపురం, కడప జిల్లాల్లో పశువైద్యుడిగా పనిచేశాను. ముందుగా ఒక్క మాట. మిగతాది నిదానంగా చదవండి, ఇది మాత్రం ఇవాళే పాటించండి. దూడ నీరసంగా ఉందని ఎవరు చెప్పినా సెలైన్ బాటిల్ ఎక్కించనివ్వకండి. మన పల్లెల్లో "సార్, ఒక గ్లూకోజు పెట్టండి" అని అడగడం అలవాటు. గుండె బలహీనంగా ఉన్న దూడకు నరంలోకి గబగబా నీళ్లు పోస్తే గుండె దాన్ని ముందుకు తోయలేదు, ఆ నీరంతా ఊపిరితిత్తుల్లో చేరుతుంది. సాయంత్రం బాటిల్ పెడితే తెల్లారేసరికి ముక్కులో నురగతో పడిపోయిన దూడలను చూశాను. విరేచనాలై ఒళ్లు ఎండిపోయినప్పుడు ద్రవాలు తప్పవు. అప్పుడు కూడా గుండెలో శబ్దం ఉందని డాక్టరుకు ముందే చెప్పండి, నోటి ద్వారా ఇవ్వడమో, చుక్క చుక్కగా ఎక్కించడమో ఆయన చూసుకుంటారు.

ఇప్పుడు అసలు విషయం. గుండెలో నాలుగు గదులు ఉంటాయి కదా. కింది రెండు గదులను జఠరికలు అంటారు. వాటి మధ్య గోడలో రంధ్రం మిగిలిపోవడమే దూడల్లో పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో ఎక్కువగా కనిపించేది. ఎడమ జఠరిక ఒళ్లంతటికీ రక్తం తోయాలి కాబట్టి దాని ఒత్తిడి చాలా ఎక్కువ. కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకే పంపుతుంది, దానికి అంత ఒత్తిడి అక్కర్లేదు. మధ్యలో రంధ్రం ఉంటే ఒంటికి పోవాల్సిన రక్తంలో కొంత కుడి పక్కకు దూకి, మళ్లీ ఊపిరితిత్తులకే వెళ్తుంది. తిరిగిన రక్తమే తిరుగుతుంది. ఊపిరితిత్తులు ఎప్పుడూ చెమ్మగా, బరువుగా ఉంటాయి, అందుకే దగ్గు, ఆయాసం. ఆ చెమ్మలో సూక్ష్మజీవులు చేరడం సులువు, కాబట్టి నిజంగానే న్యుమోనియా కూడా వస్తుంది. సూది వేస్తే ఆ న్యుమోనియా తగ్గుతుంది. దానికి దారి తీసిన రంధ్రం అక్కడే ఉంటుంది గనక పది రోజులకు మళ్లీ వస్తుంది. మీకు మొదట వైద్యం చేసినవాళ్లు తప్పు చేశారని కోపం పెట్టుకోకండి. వాళ్లు చూసిన జబ్బు ఉన్నదే.

మూడో వారం దాకా ఎందుకు బాగుంది అనే అనుమానం మీ ప్రశ్నలోనే ఉంది. కడుపులో ఉన్నప్పుడు దూడ ఊపిరితిత్తులు ముడుచుకుని ఉంటాయి, అక్కడి రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి. పుట్టాక అవి వెంటనే పూర్తిగా వదులవవు, కొన్ని వారాలు పడుతుంది. అవి బిగువుగా ఉన్నంత కాలం కుడి పక్క ఒత్తిడి కూడా ఎక్కువే, రంధ్రం గుండా దూకే రక్తం తక్కువే. అవి వదులయ్యేకొద్దీ దూకుడు పెరుగుతుంది. అందుకే పుట్టిన రోజు చెంగున లేచిన దూడ రెండు మూడు వారాలకు వాడిపోవడం మొదలుపెడుతుంది. ఈ వరస చూస్తే మీ దూడ విషయంలో డాక్టరు గారి అనుమానం సరైనదే కావచ్చు అనిపిస్తోంది.

తాడిపత్రి వైపు ఒక ఊళ్లో నాకు జరిగింది చెప్తాను. ఉద్యోగంలో కొత్త. ఒక అవ్వ ఇంట్లో జెర్సీ క్రాస్ దూడ. అచ్చం మీ దూడ లాగే. రెండుసార్లు యాంటీబయాటిక్ వేశాను. గుండె కూడా విన్నాను, ఎడమ పక్క మాత్రమే, అదీ దూడ కదులుతుంటే నాలుగు క్షణాలు. మూడోసారి బ్యాగు తెరుస్తుంటే అవ్వ నా చేయి పట్టుకుంది. "సార్, ఇది దగ్గు కత గాదు. ఈ పక్క చెయ్యి పెట్టి చూడు, లోపల తేనెటీగ తిరుగుతాంది" అంది. దూడ కుడి పక్క చేయి వేసి పట్టుకుని పాలు పట్టేటప్పుడు ఆమె అరచేతికి రోజూ తగులుతోందట. కుడి ముంగాలు ముందుకు లాగి, మోచేయి వెనక సందులో చేయి పెట్టాను. నిజంగానే తేనెటీగే. గుండె కొట్టుకున్న ప్రతిసారీ జుమ్మని అదురు. స్టెతస్కోపు అక్కడ పెడితే లబ్ డబ్ అని విడివిడిగా వినాల్సిన చోట మొత్తం ఉస్సుమని ఒకే ఈల. ఆ రోజు నుంచి ఏ దూడనైనా రెండు పక్కలా వినకుండా వదల్లేదు.

ఎడమ నుంచి కుడికి దూకే రక్తం ధార కుడి గది గోడకు తగులుతుంది కాబట్టి ఈ రకం రంధ్రం శబ్దం మామూలుగా కుడి పక్క గట్టిగా వినిపిస్తుంది. ఎడమ పక్కా వినిపిస్తుంది గానీ కొంచెం మెత్తగా. పశువు గుండె మోచేతి చాటున ఉంటుంది, కాలు ముందుకు జరపకపోతే సగం శబ్దం అందదు. మీ డాక్టరు గారు ఏ పక్క విన్నారో అడగండి. తప్పుగా అనుకోరు.

శబ్దం గురించి రైతులందరూ పొరబడే విషయం ఒకటుంది. శబ్దం ఎంత పెద్దదైతే రంధ్రం అంత పెద్దది అనుకుంటారు. చాలావరకు సంగతి తలకిందులు. మీ చీనీ తోటలోనో టమాటా మడిలోనో డ్రిప్పు పైపు చూడండి. సూది మొన అంత చిల్లు పడితే నీళ్లు సుయ్యిమని ఎంత దూరం చిమ్ముతాయో! అదే పైపు బెత్తెడు చీలితే చప్పుడు లేకుండా మడి నిండిపోతుంది. గుండెలో కూడా చిన్న రంధ్రం గట్టిగా అరుస్తుంది, పెద్ద రంధ్రం మెల్లగా మాట్లాడుతుంది. కాబట్టి శబ్దం గట్టిగా ఉందని టెన్షన్ పడకండి, మెల్లగా ఉందని ధైర్యపడకండి. నిర్ణయం శబ్దం మీద కాదు, దూడ పెరుగుదల మీద తీసుకోవాలి.

అయితే గుండెలో శబ్దం వినిపించిన ప్రతి దూడకూ రంధ్రం ఉండదు. పుట్టిన మొదటి రోజుల్లో ఆరోగ్యంగా ఉన్న దూడల్లో కూడా మెత్తని శబ్దం వినిపిస్తుంది. కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తులను తప్పించి రక్తం పోవడానికి వాడుకున్న దారులు పుట్టాక మూసుకుంటాయి, ఆ మూసుకునే రోజుల్లో శబ్దం వచ్చి పోతుంది. 45 రోజుల దూడకు ఈ కారణం చెప్పుకోవడం కష్టం.

మన ప్రాంతంలో ఇంతకంటే ముఖ్యమైనది రక్తహీనత. రక్తం పలచబడితే గుండె వేగంగా కొట్టుకుని, పలచని రక్తం సుడి తిరిగి శబ్దం వస్తుంది. క్రాస్ దూడల్లో పిడుదుల వల్ల వచ్చే థైలీరియా ఇలాగే మోసం చేస్తుంది. రొప్పుతుంది, దగ్గుతుంది, పాలు తాగదు, ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేస్తే నయం కాదు. తేడా తెలియాలంటే కింది కనురెప్ప లాగి చూడండి. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే రక్తహీనత. భుజం ముందు, వెనక తొడ ముందు గడ్డలు నిమ్మకాయంత ఉబ్బాయా, జ్వరం 104 దాటుతోందా, కనుగుడ్లు బయటికి పొడుచుకొచ్చాయా చూడండి. చెవి నుంచి ఒక రక్తపు చుక్క గాజుపలక మీద తీయిస్తే ల్యాబులో తేలిపోతుంది. థైలీరియా అయితే బుపార్వక్వోన్ అనే మందు ఉంది, వేళకు వేస్తే దూడ బతుకుతుంది. నయమయ్యే జబ్బును పుట్టుకతో వచ్చిన రంధ్రం అనుకుని దూడను వదిలేయడం కంటే పెద్ద నష్టం లేదు. అందుకే రక్త పరీక్ష చేయించకుండా ఏ నిర్ణయానికీ రావద్దు. ఎనుముల దూడలైతే ఏలికపాములు కూడా ఇంతే పని చేస్తాయి, తొలి మూడు వారాల్లోపే నట్టల మందు పడాలి.

గాలికుంటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే "గుండె ఆగి చచ్చిపోయింది" అని వినే లేత దూడల్లో చాలా వాటికి కారణం అదే. పెద్ద పశువులకు నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడి మానిపోతాయి. పాలు తాగే దూడల్లో ఆ వైరస్ నేరుగా గుండె కండరాన్ని తింటుంది. పుండు ఒక్కటి కూడా కనిపించకుండా, పొదుగు దగ్గరే తాగుతూ తాగుతూ కూలిపోతుంది. కోసి చూస్తే గుండె మీద పులి చారల్లాంటి తెల్లని గీతలుంటాయి. ఇది రంధ్రం కాదు, పుట్టుకతో వచ్చిందీ కాదు. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆరు నెలలకోసారి టీకా ఉచితంగానే వేస్తున్నారు. మీ తల్లి ఆవుకు వేయించారో లేదో చూసుకోండి, దూడకు నాలుగు నెలలు నిండాక వేయించండి.

రేపు తెల్లవారుజామున మీరు చేయాల్సిన పని. మధ్యాహ్నం మన ఎండకు ఆరోగ్యమైన దూడ కూడా రొప్పుతుంది, అప్పుడు లెక్కపెడితే ఉపయోగం లేదు. అయిదు గంటలకు, దూడ పడుకుని ఉండగా, లేపకుండా డొక్క ఎన్నిసార్లు లేచి పడుతోందో ఒక నిమిషం పాటు లెక్కపెట్టండి. ఈ వయసులో ఇరవై నుంచి నలభై దాకా మామూలే. ఏ జ్వరమూ లేకుండా రోజూ యాభై అరవై దాటుతుంటే ఊపిరితిత్తుల మీద భారం ఉన్నట్టు. తర్వాత చిగుళ్లు, నాలుక చూడండి. గులాబీ రంగు మంచిది. నాలుగు అడుగులు నడిపిస్తే నీలం తిరుగుతోందంటే శుద్ధి కాని రక్తం కుడి నుంచి ఎడమకు దాటి ఒంట్లోకి పోతోందని అర్థం. అది ఇంకో రకం లోపం, మరింత కష్టమైనది. మెడ పక్కన గాడిలో ఉండే నరం దూడ తల మామూలుగా పెట్టుకుని ఉండగా దవడ దాకా వేలంత లావు ఉబ్బి ఉందా, గంగడోలులో, ముంగాళ్ల మధ్య నీరు దిగిందా చూడండి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటే అది నీరు. ఇవి వచ్చాయంటే గుండె ఓడిపోతున్నట్టు.

అలాగే నోట్లో వేలు పెట్టి అంగిలి చీలి ఉందేమో తడమండి. పాలు ముక్కులోంచి వస్తుంటే ఆయాసానికి కారణం అదే కావచ్చు. తోక సగంలో ఆగిపోవడం, కన్ను మరీ చిన్నదిగా ఉండడం లాంటివి ఉంటే చెప్పండి. పుట్టుకతో ఒక లోపం ఉన్న దూడలో రెండోది ఉండే అవకాశం ఎక్కువ, గుండె రంధ్రంతో పాటు ఈ రెండూ కనిపించిన సందర్భాలు ఉన్నాయి.

పెరుగుదల కొలవడానికి కాటా అక్కర్లేదు. ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టూ దారం చుట్టి ముడి వేయండి. పదిహేను రోజులకు మళ్లీ అదే దారంతో కొలిచి ఇంకో ముడి వేయండి. అదే వయసు దూడ పక్కింట్లో ఉంటే దానికీ ఒక దారం పెట్టండి. రెండు దారాలు పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

రంధ్రం ఉందా, ఎంతుంది అని కంటితో చూసి చెప్పేది ఎకో స్కాన్ (ధ్వని తరంగాలతో గుండెను తెర మీద చూపే పరీక్ష) ఒక్కటే. తిరుపతిలో, ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. దూడను ఆటోలో వేసుకుని బయలుదేరే ముందు, గుండె ఎకో చూసే డాక్టరు, యంత్రం ఆ రోజు ఉన్నాయా అని కనుక్కోండి. ఆయాసపడే దూడకు అంత దూరం ప్రయాణం చిన్న విషయం కాదు, రాత్రి చల్లదనంలో తీసుకుపోండి. నా అభిప్రాయం అడిగితే, రక్త పరీక్ష బాగుండి, రెండు పక్కలా శబ్దం ఖాయంగా ఉండి, దారం ముడి జరగకపోతే ఎకో కోసం ఖర్చు పెట్టనక్కర్లేదు. దాంతో వైద్యం మారదు.

ఎందుకంటే ఈ రంధ్రాన్ని మూసే మందు లేదు. "మనుషుల పిల్లలకు ఆరోగ్యశ్రీలో చేస్తారు కదా" అని చాలామంది అడిగారు నన్ను. గుండెను ఆపి, రక్తాన్ని యంత్రంతో తిప్పుతూ చేసే ఆపరేషన్ అది. పాడి పశువులకు మన ఆసుపత్రుల్లో ఆ ఏర్పాటు లేదు. మనుషుల పిల్లల్లో చిన్న రంధ్రాలు చాలా వాటంతటవే మూసుకుంటాయి, దూడల్లో ఆ ఆశ పెట్టుకోకండి. ఫ్యూరోసెమైడ్ సూదితో ఊపిరితిత్తుల్లోని నీరు మూత్రంగా పోయి కొన్నాళ్లు ఊరట కలుగుతుంది. అది ఊరటే, వైద్యం కాదు. డాక్టరు లేకుండా మీరే తెచ్చి వేయకండి.

చిన్న రంధ్రం ఉన్న దూడ పెరగగలదు. అలాంటివి ఎదిగి పడ్డలైనవి చూశాను. దూడ బరువులో పదో వంతు పాలు రోజుకు నాలుగు పూటలుగా కొంచెం కొంచెం పట్టండి. గుక్క తిప్పుకోవడానికి ఆపి పట్టండి, నోరు పైకెత్తి గొట్టంతో పోయకండి. మిగతా దూడలతో పరుగులు పెట్టనివ్వకుండా కొట్టంలో చల్లని మూల కట్టండి. బొడ్డు పుండు, కాలి పుండు ఏదున్నా వెంటనే మాన్పించండి. ధార తగిలే చోట గుండె లోపలి పొర గరుకుగా ఉంటుంది, రక్తంలో చేరిన సూక్ష్మజీవి అక్కడ కాపురం పెడుతుంది. కొమ్ము మొగ్గలు కాల్చేటప్పుడు మత్తు సూది వేస్తారు కదా, గుండె సంగతి ముందే చెప్పండి.

పెద్దయ్యాక దాన్ని చూడి కట్టించవద్దని నా సలహా. చూడి బరువు, ఈత శ్రమ ఆ గుండె తట్టుకోలేకపోవచ్చు, పైగా లోపం తర్వాతి తరానికి పోయే అవకాశం ఉంది. కోడెదూడ అయితే విత్తనానికి ఉంచవద్దు, బండలాగుడు పోటీలకు తయారు చేయవద్దు. బండ లాగుతూ లాగుతూ పడిపోతుంది. ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే ఉన్న విషయం చెప్పి ఇవ్వండి. సంతలో చెప్పకుండా అమ్మితే ఇంకో పేద ఇంట్లో ఇదే ఏడుపు. ఆయాసం రోజురోజుకూ పెరిగి, నీరు దిగి, పడుకుంటే గాలి ఆడక నిలబడే ఉంటోందంటే, బాధ లేకుండా చివరి సూది వేయడం గురించి డాక్టరుతో మనసు విప్పి మాట్లాడండి. ఆ మాట అడగడానికి చాలామంది పాపం అని భయపడతారు. గాలి కోసం మూడు రోజులు కొట్టుకునే దూడను చూశాక నాకు ఆ భయం పోయింది.

ఒకవేళ చనిపోతే, గొయ్యి తీసేలోపు డాక్టరును పిలిచి కోయించి చూడండి. తాడిపత్రి వైపు అవ్వ దూడ రెండు నెలలకు పోయింది. ఆమే కోయమంది. రెండు జఠరికల మధ్య గోడ పైభాగంలో నా బొటనవేలు దూరేంత రంధ్రం. అవ్వ చాలాసేపు చూసి, "ఇన్నాళ్లూ దీంతోనే తాగిందా నా తల్లి" అంది. అప్పటిదాకా ఆమె కోడలు పాలు సరిగ్గా పట్టలేదని ఇంట్లో రోజూ మాటలు నడిచేవి. ఆ మాటలు ఆ రోజుతో ఆగిపోయాయి.

గ్రహణం సంగతి. ఆవు దాదాపు 280 రోజులు మోస్తుంది. గుండె గదుల మధ్య గోడ తొలి రెండు నెలల్లోపే కట్టడం అయిపోతుంది. మీరు చెప్పిన గ్రహణం నాటికి ఆవుకు ఏడో నెల. అప్పటికి ఉన్న రంధ్రం ఉన్నట్టే ఉంది. మీ ఇంటి ఆడవాళ్లు ఆవును బయట కట్టేసినందుకు బాధపడుతుంటే ఈ మాట తప్పకుండా చెప్పండి. అసలు కారణం ఒక్కో దూడలో ఇదీ అని తేల్చడం కష్టం. వంశపారంపర్యం కావచ్చు, తొలి రోజుల్లో తల్లికి సోకిన వైరస్ కావచ్చు. ఒకే ఊరి ఆంబోతును ఏళ్ల తరబడి వాడి, దాని కూతుళ్లకే మళ్లీ దాటించే చోట పుట్టుక లోపాలు పెరుగుతాయి. కట్టించిన మొదటి నెలన్నరలో ఆల్బెండజోల్ లాంటి నట్టల మందు తాగించకూడదనే నియమం కూడా గుర్తుంచుకోండి. కరువు ఏళ్లలో నెలల తరబడి ఎండు చొప్ప, వేరుశనగ కట్టె మీదే ఉన్న చూడి ఆవులకు విటమిన్ ఎ తగ్గి, గుడ్డి దూడలు, బలం లేని దూడలు పుడతాయి. రోజుకు ఒక మోపు పచ్చగడ్డి లేకపోతే మునగాకు, అవిశాకు అయినా వేయండి.

తల్లి ఆవును అమ్మకండి. ఒక దూడకు లోపం వచ్చినంత మాత్రాన ఆవు పనికిరానిది కాదు. ఈనిన రెండు నెలలు దాటాక ఎదకు వచ్చినప్పుడు ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించండి, కానీ ఈసారి వేరే ఆంబోతు వీర్యం అడగండి. పోయినసారి వేసిన స్ట్రా (వీర్యం నింపిన సన్న గొట్టం) మీద ఆంబోతు నంబరు ముద్రించి ఉంటుంది, వేసినవారి రిజిస్టరులో ఉండాలి. ఆ నంబరు రాసుకుని, మీ ఊళ్లో అదే నంబరుకు పుట్టిన దూడలు ఇంకెన్ని ఉన్నాయో, అవి ఎలా ఉన్నాయో కనుక్కోండి. రెండోది ఏదైనా ఇలాగే రొప్పుతుంటే వెంటనే మీ పశువైద్యశాలలో నంబరుతో సహా చెప్పండి. రేపటి ఊపిరి లెక్క, కనురెప్ప రంగు, శబ్దం ఏ పక్క ఎక్కువో ఈ మూడూ రాసి పంపండి, రక్త పరీక్ష వచ్చాక మళ్లీ మాట్లాడదాం.